మాస్టారు ‘ఆయ్’ అన్నారు

2024 ఫిబ్రవరి 18, ఆదివారం ఉదయం పదకొండు గంటలకు హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్‌లో వి.వి. అనే రెండు సీట్ల విమానం మీద కప్పిన గుడ్డ తీశారు. అదే గంటకు వి.వి. అనే ఆ విమానమే కోనసీమలో, ఆలమూరు రైసుమిల్లు షెడ్డులో నిలబడి ఉంది.

ఒక విమానం రెండు చోట్ల ఉండదు. రెండింటిలో ఒకదానికి ఆ పేరు చెల్లదు. ఏది చెల్లదో అప్పటికే తేలిపోయిందని సాలమోనుకు తెలియదు. ఆయన రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు. కొత్తపేటలో ఉంటారు. ఆలమూరు షెడ్డులోని విమానాన్ని నాలుగేళ్ళు పట్టి బాగుచేసింది ఆయనే. ఆ గంటకు ఆయన చర్చిలో ఉన్నారు. ఫోను మోగకుండా పెట్టుకున్నారు.

ఆరాధన ముగిశాక చెట్టు కింద చెప్పులు వేసుకుంటూ ఫోను చూశారు. ప్రవీణ్ కుమార్ ఒక వీడియో పంపాడు. ప్రవీణ్ ఆయన దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు అమలాపురంలో జూనియర్ కాలేజీ లెక్చరరు. వీడియో కింద ఒక వాక్యం ఉంది: “కంగ్రాట్స్ మాస్టారండి. మన బండి హైదరాబాద్ ఎప్పుడెళ్ళిందండి?”

వీడియోలో మైకు పట్టుకుని మాట్లాడుతున్నది సాయిదుర్గాప్రసాద్. అతనూ సాలమోను దగ్గర చదువుకున్నవాడే, కొత్తపేట వాడే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాత విమానాలను వెతికి బాగుచేసే వాళ్ళ సంఘానికి కార్యదర్శి. కెమెరా విమానం లోపలికి వెళ్ళింది. మీటర్ల బోర్డు కింద అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద అల్యూమినియం బిళ్ళ ఉంది. నాలుగు రివెట్లతో బిగించి ఉంది. కింది కుడి మూల దగ్గర ఒక గీత ఉంది.

ఆ గీత పడింది సాలమోను చేతిలోనే. బిళ్ళ ఊడదీస్తున్నప్పుడు డ్రిల్లు జారింది.

ఆయన భార్య సువార్తమ్మ పక్క నుంచి చూశారు.

“అది మన బిళ్ళేనాండి?”

“మనదే.”

“మరి మన విమానం?”

సాలమోను వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టారు.

పాత విమానాల వాళ్ళకు ఒక లెక్క ఉంది. అరవై ఏళ్ళనాటి విమానంలో గుడ్డ మారుతుంది, చక్రాలు మారతాయి, ఇంజను మారుతుంది, కొన్నిసార్లు చట్రం కూడా మారుతుంది. మారకుండా మిగిలేది తయారైన రోజున ఫ్యాక్టరీలో కొట్టిన సంఖ్య. అది బిళ్ళ మీద ఉంటుంది. బిళ్ళ ఏ చట్రానికి ఉంటే ఆ చట్రమే విమానం. బిళ్ళ లేనిదాన్ని భాగాలు అంటారు. సంఘం తన జాబితాలో ఇలాగే రాస్తుంది. ఎగరడానికి అనుమతి అడగాలన్నా ఆ సంఖ్యే కావాలి.

వి.వి. 1960ల మొదట్లో బెంగళూరులో తయారైన పుష్పక్ రకం విమానం. ఇనుప గొట్టాల చట్రం, దాని మీద గుడ్డ. పక్కపక్కన రెండు సీట్లు. రెక్క మీది అక్షరాల్లో చివరి రెండూ వి, వి. ఒక ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణకు వాడేవారు.

1970 డిసెంబరులో అది ఉప్పలగుప్తం దగ్గర కోసిన వరిచేలో దిగింది. పెట్రోలు పైపులో చెత్త అడ్డుపడిందని పైలట్ చెప్పాడు. గంటలో బాగుచేసుకున్నాడు. ఆ రకం విమానానికి ముందున్న పంకాను చేత్తో తిప్పితేనే ఇంజను అందుకుంటుంది. తిప్పేవాడు బయట ఉంటాడు కాబట్టి లోపల ఇంకొకరు కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి. చేలో ఊరంతా ఉంది. చేను గలాయన, ఆయన అన్నదమ్ములు ముందు వరసలో ఉన్నారు. పైలట్ వాళ్ళందరినీ దాటి, చక్రాల కింద గడ్డి సర్దుతున్న మనిషిని పిలిచి సీట్లో కూర్చోబెట్టాడు. “నేను చెప్పేదాకా వదలకు” అన్నాడు.

ఆ మనిషి ధనరాజు. ఆ చేలో పాలేరు. సాలమోను తండ్రి.

చేను గలాయన ఎదుట ధనరాజు కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ రోజు ఆయన కూర్చున్నాడు, వాళ్ళు నిలబడ్డారు. ఇంజను అందుకున్నాక పైలట్ చెయ్యి ఊపాడు. ధనరాజు దిగాడు. విమానం వెళ్ళిపోయింది. అప్పటికి ఆరో తరగతి చదువుతున్న సాలమోను రెక్క మీది అక్షరాలు చదివాడు. ఆ సాయంత్రం తండ్రి అడిగితే ఇంటి గోడ మీద బొగ్గుతో రాశాడు. ధనరాజు 1998లో చనిపోయేదాకా, ఏడాదికోసారి సున్నం వేసినప్పుడల్లా, ఆ రెండు అక్షరాలు మళ్ళీ రాయించాడు.

సాలమోను 2019లో రిటైరయ్యారు. ఆ ఏడే ప్రసాదు ఆయన్ని సంఘంలో చేర్చాడు. వి.వి. కథ ప్రసాదుకు చెప్పింది సాలమోనే. విమానం ఆచూకీ పట్టింది మాత్రం ప్రసాదు. దీనిలో వివాదం లేదు. సాలమోను కూడా ఎక్కడా కాదనలేదు.

ప్రసాదు దాన్ని ఒక పెళ్ళి ఫొటోలో చూశాడు. కొత్తపేటలో మేనమామ ఇంటి గోడకు పెళ్ళిళ్ళ ఫొటోలు వరసగా ఉన్నాయి. ఒకదానిలో పెళ్ళికూతురు వీరవేణి, పెళ్ళికొడుకు, వాళ్ళ వెనక విమానం రెక్క, రెక్క మీద వి.వి. అని ఉన్నాయి. ఫొటో 1985 నాటిది. వీరవేణి మామగారిది ఆలమూరులో రైసుమిల్లు. క్లబ్బు ఆ విమానాన్ని వేలం వేసినప్పుడు ఆయన కొన్నారు. తాను పెట్టిన స్కూల్లో పిల్లలకు చూపించాలని తెచ్చారు. స్కూలు మూతబడింది. విమానాన్ని మిల్లు షెడ్డులోకి తోసి, మీద గోనెసంచులు వేశారు.

సాలమోను స్కూటరు మీద జొన్నాడ వంతెన దాటి ఆలమూరు వెళ్ళారు. వీరవేణి షెడ్డు తెరిపించారు.

“ఇదేనాండి మీరు వెతుకుతున్నది? నా పేరే రాసేరని మా పెళ్ళిలో అందరూ అన్నారండి. వి.వి. అంటే వీరవేణి అని. మావారు కూడా నిజమే అనుకోమన్నారు.”

“ఇదేనండి.”

“పట్టుకెళ్ళండి. ఎలకలకి తప్ప ఎవరికీ పనికిరావట్లేదు.”

“ఎక్కడికి పట్టుకెళ్తానండి? మా ఇంట్లో రెక్క కూడా పట్టదు. ఇక్కడే చేసుకుంటాను.”

“అయితే షెడ్డు కూడా మీదే అనుకోండి మాస్టారు. పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందట కదండి. బాగయ్యాక నన్నొక్కసారి కూర్చోబెట్టండి చాలు.”

“ఇందులో ఇద్దరికేనండి.”

“మీరూ నేనూ అయితే ఊరు ఊరుకోదు. సువార్తమ్మ గారూ నేనూ కూర్చుంటాం. మీరు తోయండి.”

పని నాలుగేళ్ళు పట్టింది. రెక్కల లోపలి చెక్క కొంత మార్చారు. గుడ్డ మొత్తం మార్చారు. ఒక రెక్క గుడ్డకు కుట్లు సువార్తమ్మ వేశారు. గుడ్డ బిగియడానికి పూసే లక్కలాంటి ద్రావకాన్ని డోపు అంటారు. గాలిలో తేమ ఉంటే అది తెల్లగా పాలిపోతుంది. కోనసీమలో తేమ లేని గాలి ఏడాదిలో కొన్ని వారాలే వస్తుంది. సాలమోను ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నాలు మాత్రమే డోపు పూసేవారు. పూత తెల్లబడితే గీకి, మరుసటి ఏడాది దాకా ఆగేవారు. సీట్లలో ఎడమది మార్చలేదు. ధనరాజు కూర్చున్నది అందులో. దాని తోలు చిరిగి ఉంటే లోపలివైపు నుంచి అతుకు వేశారు.

2023 జూన్ నాటికి ఇంజను తిరిగింది. ఆ రోజు వీరవేణి, సువార్తమ్మ లోపల కూర్చుని బ్రేకు తొక్కారు. సాలమోను పంకా తిప్పారు.

ఆగస్టులో ప్రసాదు ఆలమూరు వచ్చాడు. విమానం చుట్టూ తిరిగాడు. సాలమోను కాళ్ళకు దండం పెట్టాడు. భోజనాల దగ్గర బిళ్ళ సంగతి ఎత్తాడు. బెంగళూరులో ఒక సభ్యురాలు బిళ్ళలను పరీక్షిస్తారని, అసలైనదని ఆమె చెబితే వి.వి.ని ఆలమూరు పేరుతో జాబితాలో వేస్తారని చెప్పాడు.

“ఊడదీయకుండా కుదరదా?” సాలమోను అడిగారు.

“వెనకవైపు కూడా చూడాలంటండి. నెల రోజుల్లో తెచ్చి నేనే బిగిస్తానండి.”

రివెట్లు తీసింది సాలమోను. బిళ్ళను చేతిరుమాలులో చుట్టి ప్రసాదు చేతికిచ్చారు. పరీక్ష జరిగింది. బిళ్ళ అసలైనదేనని బెంగళూరు సభ్యురాలు సెప్టెంబరులో సంఘానికి చెప్పారు. ఇంతవరకు ప్రసాదు చెప్పింది నిజం.

ప్రసాదు చెప్పనిది ఒకటి ఉంది. హైదరాబాద్‌లో అతనూ మరికొందరూ రెండేళ్ళుగా అదే రకం విమానం ఒకటి తయారుచేస్తున్నారు. చట్రం కొత్తది. ఇంజను ఒక చోటిది, చక్రాలు ఇంకో చోటివి. అది ఎగరగలదు. కానీ దానికి సంఖ్య లేదు.

అక్టోబరు 29 మధ్యాహ్నం ప్రసాదు ఫోన్ చేశాడు. సాలమోను షెడ్డులో ఉన్నారు. చేతికి గ్రీజు అంటి ఉండడంతో సువార్తమ్మ ఫోను స్పీకరులో పెట్టి పట్టుకున్నారు. ఆ సంభాషణను ప్రసాదు రికార్డు చేశాడు. తర్వాత సంఘానికి ఇచ్చిన రికార్డింగులో ఉన్నది ఇది:

“మాస్టారండి, బిళ్ళ బెంగళూరు నుంచి వచ్చేసిందండి.”

“ఆయ్.”

“ప్రస్తుతానికి హైదరాబాద్‌లోనే నా దగ్గర ఉంచుతానండి.”

“ఆయ్.”

“ఇక్కడ మనోళ్ళు ఒక బాడీ చేసేరండి. బిళ్ళ దానికి బిగిస్తే పర్మిషన్‌కి పెట్టుకోవచ్చండి. మీ దగ్గరున్నది పార్టుల కింద చూపిస్తాం.”

“ఆయ్.”

రికార్డింగు ఇక్కడ ఆగిపోతుంది.

మూడో ఆయ్ తర్వాత తాను “విన్నాను. అది కుదరదు ప్రసాదూ. బిళ్ళ పంపించెయ్” అన్నానని సాలమోను చెప్పారు. తాను విన్నానని సువార్తమ్మ చెప్పారు. ప్రసాదు “సరేనండి, కొరియర్ చేస్తానండి” అన్నాడని ఇద్దరూ చెప్పారు. అలాంటి మాటలు జరగలేదని ప్రసాదు చెప్పాడు. సువార్తమ్మ పట్టుకున్న ఫోనులో ఆ కాల్ తొమ్మిది నిమిషాలని ఉంది. రికార్డింగు రెండు నిమిషాలు కూడా లేదు.

జనవరి దాకా సాలమోను మూడుసార్లు బిళ్ళ అడిగారు. కొరియర్ వాళ్ళు ఆలస్యం చేస్తున్నారని ప్రసాదు మూడుసార్లూ చెప్పాడు. ఫిబ్రవరి 18న వీడియో వచ్చింది.

వీడియోలో ప్రసాదు మైకులో చెప్పింది సాలమోను ఆ రోజు రెండోసారి చూసినప్పుడు పూర్తిగా విన్నారు. 1970లో ఈ విమానం కోనసీమలో ఒక చేలో దిగిందని, ఒక స్థానిక రైతు ధైర్యంగా సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాడని, ఆ సీటు ఇదేనని ప్రసాదు చెప్పాడు. సీటు మీద చెయ్యి వేసి చూపించాడు. సీటు కొత్తది.

“రైతు అంటున్నాడేంటండి?” సువార్తమ్మ అడిగారు.

“పాలేరంటే వాళ్ళకి అర్థం కాదనుకున్నాడేమో.”

“పేరు కూడా చెప్పలేదు.”

“లేదు.”

మార్చి రెండో వారంలో ప్రసాదు కొత్తపేటలో మేనమామ ఇంటికి వచ్చాడు. సాలమోను, వీరవేణి వెళ్ళారు. పెళ్ళి ఫొటో ఇంకా గోడకే ఉంది. మేనమామ కాఫీలు ఇప్పించి లోపలికి వెళ్ళిపోయారు.

“ఏం అబ్బాయ్, మా విమానం బాగుందా?” అన్నారు వీరవేణి.

“అత్తయ్యగారండి, మీరు కూర్చోండి ముందు.”

“కూర్చుంటాలే. నా పెళ్ళి ఫొటో కూడా పట్టుకెళ్ళిపోతావేమో చూసిపోదామని వచ్చేను.”

ప్రసాదు సాలమోను వైపు తిరిగాడు.

“మాస్టారండి, మీరు కోపంగా ఉన్నారని తెలుసండి. ఒక్కమాట వినండి. మీ దగ్గరున్నది ఎగరదండి. గొట్టాల లోపల తుప్పు. ఉప్పుగాలికి నలభై ఏళ్ళు ఉంది. ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు. మాది ఎగురుతుందండి. వి.వి. మళ్ళీ గాల్లోకి లేవాలనే కదండి మీరింత కష్టపడింది?”

“కాదు.”

“ఎగరనిది విమానం ఎలా అవుతుందండి?”

“మా నాన్న కూర్చున్నప్పుడు అది నేల మీదే ఉంది.”

ప్రసాదు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

“నేను దొంగతనం చెయ్యలేదండి. మీకు చెప్పే చేసేను. మీరు ఆయ్ అన్నారు. మూడుసార్లు.”

వీరవేణికి నవ్వు వచ్చింది. “ఆయ్ అంటే ఒప్పుకున్నట్టా? ఆ లెక్కన రోజూ బ్యాంకులోంచి ఫోన్ చేసే పిల్లకి నేను ఎన్ని లోన్లు తీసుకున్నానో. ఎవడైనా మాట్లాడుతుంటే ఆయ్ అనకపోతే గోడకి చెప్పినట్టుంటుంది కదా. నువ్వు ఎక్కడ పుట్టేవురా?”

“ఇక్కడేనండి.”

“మరి?”

“రికార్డింగు సంఘం వాళ్ళకి పంపేనండి. వాళ్ళకి ఇంగ్లీషులో రాసి ఇచ్చేను. మూడుచోట్లా అవును అని.”

“ఎవరు రాసేరు?” సాలమోను అడిగారు.

“నేనేనండి. వాళ్ళలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కదండి.”

సాలమోను లేచారు. కాఫీ తాగలేదు. గుమ్మం దాకా వచ్చిన ప్రసాదు, “నాన్నగారి కథ చెప్పేను కదండి, అందరూ చప్పట్లు కొట్టేరు” అన్నాడు.

“ఆయన పేరు ధనరాజు” అన్నారు సాలమోను.

ఏప్రిల్ 6 సాయంత్రం సంఘం కమిటీ ఆన్‌లైన్‌లో సమావేశమైంది. కమిటీలో ఐదుగురు. పుణెలో ఉండే రిటైర్డ్ పైలట్ అధ్యక్షుడు. సాలమోను ఫిర్యాదు ఒక్కటే ఆ రోజు విషయం: బిళ్ళ ఆలమూరుకు తిరిగి రావాలి. ఆయన అమలాపురంలో ప్రవీణ్ ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని మాట్లాడారు. మాటలు ఇంగ్లీషులో జరిగాయి.

అధ్యక్షుడు రికార్డింగు వినిపించాడు. తర్వాత అడిగాడు: “ఈ ఆయ్ అనే మాటకు అవును అని అర్థం కాదంటారా?”

సాలమోను కొంచెం ఆలోచించారు. “అవును అనే అర్థం కూడా ఉంది” అన్నారు.

పక్కన కూర్చున్న ప్రవీణ్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. తర్వాత అతను, “అక్కడ కాదు అనేస్తే అయిపోయేది” అని చెప్పాడు.

“కూడా ఉంది అంటే?”

“వింటున్నాను అని ఒక అర్థం. చెప్పండి అని ఒక అర్థం. అవును అని ఒక అర్థం. అన్నిటికీ అదే మాట.”

“మరి ఏ అర్థమో తెలిసేదెలా?”

“మా ప్రాంతంవాడికి తెలుస్తుంది. ప్రసాదు మా ప్రాంతంవాడు.”

ప్రవీణ్ మాట్లాడటానికి అనుమతి అడిగాడు. తానూ ప్రసాదూ ఒకే క్లాసులో, ఒకే బెంచీలో చదువుకున్నామని చెప్పాడు. క్లాసులో ఎవరు ఏ జవాబు చెప్పినా మాస్టారు పూర్తిగా విని, ఆయ్ అని, ఆ తర్వాత తప్పు, కూర్చో అనేవారని చెప్పాడు. “ఆయ్ వినగానే ఒప్పనుకుని నవ్వినవాళ్ళు తర్వాత ఏడ్చేవాళ్ళు. మాస్టారి ఆయ్‌ని నమ్మొద్దని మాకు ఎనిమిదో తరగతిలోనే తెలుసు. ప్రసాదుకి ఇంకా బాగా తెలుసు. వాడు ఆయన్ని అనుకరించి మమ్మల్ని నవ్వించేవాడు.”

అధ్యక్షుడు ప్రసాదును అడిగాడు. తనకు గుర్తులేదని ప్రసాదు చెప్పాడు.

అప్పుడు సాలమోను ఇంగ్లీషు వదిలి తెలుగులో మాట్లాడారు.

“ప్రసాదూ.”

“ఆయ్, మాస్టారండి.”

“నువ్వు నన్ను మోసం చేసేవు.”

“ఆయ్.”

“నేను కుదరదన్న తర్వాత రికార్డింగు కోసేసేవు.”

“ఆయ్. చెప్పండి.”

సాలమోను అధ్యక్షుడి వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నారు: “నన్ను మోసం చేశావని అతనితో అన్నాను. రికార్డింగు కోసేశావని కూడా అన్నాను. రెండిటికీ అతను ఆయ్ అన్నాడు. అతను ఒప్పుకున్నట్టేనా?”

ప్రసాదు తన మైకు ఆపేసుకున్నాడు. బెంగళూరు సభ్యురాలు మాత్రం నవ్వారని ప్రవీణ్ చెప్పాడు.

అధ్యక్షుడు సాలమోను చెప్పిన దానిలో అర్థం ఉందన్నాడు. కానీ బిళ్ళ కొత్త చట్రానికి బిగించడం అయిపోయిందని, దాని సంఖ్యతో అనుమతికి దరఖాస్తు వెళ్ళిపోయిందని, ఇప్పుడు వెనక్కి తీస్తే సంఘం చెప్పిన సంఖ్యలన్నిటి మీదా అధికారులకు అనుమానం వస్తుందని చెప్పాడు. సంఘంలో ఇంకా పదకొండు విమానాల దరఖాస్తులు ఉన్నాయని గుర్తుచేశాడు. “మీకు అన్యాయం జరగలేదని నేను అనడం లేదు” అన్నాడు.

ఓటు పెట్టారు. బిళ్ళ వెనక్కి ఇవ్వాలని బెంగళూరు సభ్యురాలు ఒక్కరే అన్నారు. ముగ్గురు ఇవ్వక్కర్లేదన్నారు. ప్రసాదు ఓటు వెయ్యలేదు. జాబితాలో మార్పు మరుసటి వారం వచ్చింది. వి.వి. ఎదురుగా హైదరాబాద్ అని ఉంది. దాని కింద: ఆలమూరు, పుష్పక్ రకానికి చెందిన భాగాలు, సంఖ్య లేదు.

సాలమోను సంఘం నుంచి తప్పుకున్నారు. ఆలమూరు వెళ్ళడం మానలేదు. మే నెలలో ఎడమ రెక్కకు చివరి పూత వేశారు. మీటర్ల బోర్డు కింద నాలుగు కన్నాలు అలాగే ఉన్నాయి.

“రావులపాలెంలో నేమ్‌ప్లేట్లు చెక్కేవాడున్నాడు కదండి” అన్నారు వీరవేణి ఒకరోజు. “బిళ్ళ ఫొటో మీ ఫోనులో ఉంది. అచ్చం అలాగే కొట్టించేద్దాం. ఎవడొచ్చి అడుగుతాడు?”

“అప్పుడు నేనూ వాడూ ఒకటేనండి.”

“పోనీ ఆ కన్నాలైనా పూడ్చేయండి. చూసినప్పుడల్లా నాకే ఏదోలా ఉంటుంది.”

“ఉండనివ్వండి. ఎక్కడుండేదో తెలుస్తుంది.”

హైదరాబాద్ విమానానికి అనుమతి అక్టోబరులో వచ్చింది. నవంబరు 24 ఆదివారం ఎగరవేయాలని నిర్ణయించారు.

నవంబరు 19 ఉదయం ప్రసాదు ఫోన్ చేశాడు. సాలమోను షెడ్డులో విమానం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఫోను స్పీకరులో పెట్టి విమానం తోక మీద ఉంచారు. సువార్తమ్మ, వీరవేణి అక్కడే ఉన్నారు. ప్రసాదు చెప్పిన మాటలు ఇద్దరూ ఒకేలా చెప్పారు.

“మాస్టారండి, నేనండి, ప్రసాదుని.”

సాలమోను మాట్లాడలేదు.

“ఆదివారం ఎగరేస్తున్నామండి. మీరూ అమ్మగారూ రావాలండి. ట్రైన్ టికెట్లు తీసేసేనండి.”

సాలమోను మాట్లాడలేదు.

“లైన్లో ఉన్నారాండి?”

సువార్తమ్మ భర్త ముఖం చూశారు. ఆయన ఫోను వైపే చూస్తున్నారు.

“పైలట్‌తో మాట్లాడేనండి. పక్క సీటు మీకేనండి. ఎడమ సీటు. నాన్నగారి సీటు. విమానం ముందు పెట్టే కథ బోర్డు మీద కూడా మార్పించేనండి. ధనరాజు గారు అని పేరు వేయించేను. పాలేరు అనే రాయించేనండి.”

సాలమోను మాట్లాడలేదు.

“హలో. మాస్టారండి. వినబడుతోందాండి?”

మిల్లులో ఆ రోజు కరెంటు లేదు. షెడ్డులో వేరే చప్పుడు లేదు. అవతల కుర్చీ కదిలిన చప్పుడు వినిపించిందని వీరవేణి చెప్పారు.

“తిట్టండి పోనీ. నాలుగు తిట్టండి, పడతాను. ఇలా ఉంటే నేను ఎవరితో మాట్లాడుతున్నట్టండి?”

సాలమోను మాట్లాడలేదు.

“మాస్టారండి, ఒక్కసారి ఆయ్ అనండి. వింటున్నారని తెలిస్తే చాలండి.”

ఆ తర్వాత ప్రసాదు కూడా కొంతసేపు మాట్లాడలేదు. కాల్ ఆరు నిమిషాలు నడిచింది. పెట్టేసింది ప్రసాదు.

నవంబరు 24 ఉదయం హైదరాబాద్‌లో వి.వి. ఎగిరింది. రెండు రౌండ్లు తిరిగి దిగింది. పైలట్ కుడి సీట్లో ఉన్నాడు. ఎడమ సీట్లో బరువు కోసం ఇసుక మూట పెట్టి, బెల్టు కట్టారు.